మందు అణువుకు జోడీ కుదర్చడం: కో-క్రిస్టల్, లవణ రూపాల తయారీపై సమగ్ర మార్గదర్శి

హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలో ఏది ఎంతుందో కొలిచే పరికరం)లో మందు ప్యూరిటీ 99.8 శాతం. ఇంప్యూరిటీలన్నీ లిమిట్‌లోనే. అయినా ఆ పొడి నీళ్లలో కరగదు. లేదా బిళ్ల కొట్టగానే పైపొర టోపీలా ఊడివస్తుంది. లేదా జులై రాగానే డ్రమ్ములో గడ్డకడుతుంది. జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం మందుల యూనిట్లలో పనిచేసేవాళ్లకు ఈ మూడు బాధలూ తెలిసినవే. మూడింటిలోనూ అణువు తప్పేమీ లేదు, అణువులు ఘనపదార్థంలో పేర్చుకున్న తీరే తప్పు. ఆ పేర్పులోకి ఇంకో అణువును తెచ్చి కూర్చోబెడితే, మందు మందుగానే ఉండి, కరిగే గుణం, తేమను తట్టుకునే గుణం, బిళ్ల కట్టే గుణం మారతాయి. ఇలా రెండు లేదా అంతకంటే ఎక్కువ ఘటకాలు ఒకే ఘనరూపంలో ఉండేవాటినే బహుఘటక ఘనరూపాలు అంటారు. లవణాలు, కో-క్రిస్టళ్లు, హైడ్రేట్లు (నీరు చేరిన స్ఫటికాలు), సాల్వేట్లు (సాల్వెంట్ చేరినవి), కో-అమార్ఫస్ (స్ఫటిక క్రమం లేని) మిశ్రమాలు, యూటెక్టిక్‌లు (విడి ఘటకాల కంటే తక్కువ వేడికే కరిగే మిశ్రమాలు) అన్నీ ఆ కుటుంబమే.

ఎం.ఫార్మ్, ఎం.ఎస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకు, ఆర్ అండ్ డీలో కొత్తగా చేరినవాళ్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాం. ఒక విషయం మొదటే చెప్పాలి. కల్వంలో నూరితే కొత్త స్ఫటికం రావడం పెద్ద పని కాదు. అది నీళ్లలో పడ్డాక, వానాకాలం దాటాక, ప్లాంటులో కడిగి ఆరబెట్టాక కూడా అదే స్ఫటికంగా నిలవడమే అసలు పని. కింద చెప్పే ప్రతి దశా ఆ పరీక్షకు తయారీయే.

ముందు దోషానికి పేరు పెట్టండి

“మందు పనితీరు మెరుగుపరచాలి” అన్నది లక్ష్యం కాదు. ఏ గుణం, ఎంత తక్కువగా ఉంది, ఎంత కావాలి అన్నవి అంకెల్లో రాసుకున్నాకే జోడీ వెతకండి.

కరగడమే సమస్య అనుకుంటే సమతౌల్య ద్రావణీయత కొలవండి. మందును మిగులుగా తీసుకుని పీహెచ్ 1.2, 4.5, 6.8 బఫర్లలో వేసి, 37 °సె దగ్గర 24 నుంచి 48 గంటలు కలియబెట్టండి. తర్వాత 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి హెచ్‌పీఎల్‌సీలో చూడండి. ఫిల్టరు మందును పీల్చుకోవచ్చు కాబట్టి మొదటి ఒకటి రెండు మిల్లీలీటర్లు పారబోయండి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అడుగున మిగిలిన పొడిని కూడా తీసి పీఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష) చేయండి. అది హైడ్రేట్‌గా మారిపోయి ఉంటే మీరు కొలిచింది హైడ్రేట్ ద్రావణీయతే గాని మీ మందుది కాదు.

కావలసినంత ఎంతో తేల్చడానికి ఒక చిన్న లెక్క ఉంది. అత్యధిక డోసు 250 మి.లీ. నీటిలో కరగాలి. డోసు 200 మి.గ్రా. అయితే మిల్లీలీటరుకు 0.8 మి.గ్రా. కావాలి. మీ మందు 0.1 మి.గ్రా. దగ్గర ఆగితే ఎనిమిది రెట్లు లోటు. లోటు రెండు రెట్ల లోపే ఉండి, మందు కరుగుతూనే ఉన్నా నెమ్మదిగా కరుగుతుంటే, కో-క్రిస్టల్ జోలికి వెళ్లకండి. మైక్రోనైజ్ చేస్తే పని అయిపోవచ్చు, అది చవక కూడా. రేణువు చిన్నదైతే కరిగే వేగం పెరుగుతుంది, ద్రావణీయత మాత్రం చెప్పుకోదగినంత పెరగదు. ఈ రెంటినీ ఒకటనుకుని ఏడాది పని వృథా చేసుకునేవాళ్లున్నారు.

సమస్య తేమ అయితే సంతృప్త లవణ ద్రావణాలతో డెసికేటర్లు పెట్టుకోండి. గది ఉష్ణోగ్రత దగ్గర మెగ్నీషియం క్లోరైడ్ సుమారు 33 శాతం, వంటింటి ఉప్పు 75 శాతం, పొటాషియం సల్ఫేట్ 97 శాతం సాపేక్ష ఆర్ద్రత ఇస్తాయి. అడుగున కరగని లవణం ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. అది కరిగిపోయిందంటే ఆ అంకెకు విలువ లేదు. సమస్య బిళ్ల కట్టడం అయితే ఒకే బరువు పొడిని నాలుగైదు ఒత్తిళ్ల దగ్గర నొక్కి, గట్టిదనాన్ని ఒత్తిడికి ఎదురుగా గీసుకోండి. పారాసెటమాల్ మొదటి రూపం దీనికి పాఠం లాంటి ఉదాహరణ. దాని స్ఫటికంలో పొరలు వంకరటింకరగా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, జారవు. అందుకే నేరుగా నొక్కితే బిళ్ల చిట్లుతుంది. ఆక్సాలిక్ ఆమ్లం, థియోఫిల్లిన్ వంటివాటితో చేసిన దాని కో-క్రిస్టళ్లలో పొరలు చదునుగా ఉండి జారతాయి, బిళ్ల నిలుస్తుంది.

లవణమా, కో-క్రిస్టలా?

ప్రోటాన్ ఆమ్లం నుంచి క్షారానికి మారితే లవణం. మారకుండా హైడ్రోజన్ బంధంతో చేతులు పట్టుకుని కూర్చుంటే కో-క్రిస్టల్. ముందుగా అంచనా వేయడానికి పీకేఏ (ఆమ్లం ప్రోటాన్‌ను ఎంత తేలిగ్గా వదులుతుందో చెప్పే అంకె) తేడా చూస్తాం. క్షారపు సంయుగ్మ ఆమ్లం (ప్రోటాన్ పుచ్చుకున్న క్షారం) పీకేఏ నుంచి ఆమ్లం పీకేఏ తీసేయండి. తేడా 3 దాటితే లవణం దాదాపు ఖాయం. సున్నా కంటే తక్కువైతే కో-క్రిస్టల్. మధ్యలో పడితే ఏదైనా రావచ్చు. ఉదాహరణకు క్షారం విలువ 5.2, ఫ్యూమరిక్ ఆమ్లం విలువ 3.0 అనుకుంటే తేడా 2.2. ఇది కాగితం మీద తేలే విషయం కాదు, స్ఫటికాన్నే అడగాలి. పీకేఏ విలువలు నీటిలో కొలిచినవి, మీరు పనిచేసేది ఘనస్థితిలో అన్నది గుర్తుంచుకోండి.

మందులో అయనీకరణం చెందే గుంపు ఉంటే ముందు లవణమే ప్రయత్నించండి. తయారీ, రిజిస్ట్రేషన్ రెండూ బాగా నలిగిన దారి. కానీ లవణాలకు మూడు గోతులున్నాయి.

మొదటిది హైడ్రోక్లోరైడ్ లవణాలది. పొట్టలో అప్పటికే క్లోరైడ్ ఉంటుంది కాబట్టి సమాన అయాన్ ప్రభావంతో లవణం కరగడం తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో అద్భుతంగా కరిగింది 0.1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వెనకబడవచ్చు.

రెండోది బలహీన క్షారాల లవణాలది. బిళ్లలో క్రాస్‌కార్మెలోజ్ సోడియం, మెగ్నీషియం స్టియరేట్ లాంటి క్షారగుణమున్న ఎక్సిపియెంట్లు (బిళ్లలో మందు కాని దినుసులు) తేమతో కలిసి ప్రోటాన్‌ను లాగేసుకుంటాయి. లవణం విడిపోయి పాత కరగని మందు బయటపడుతుంది. ఏపీఐ (అసలు మందు పదార్థం) స్టెబిలిటీలో ఇది కనిపించదు, బిళ్ల స్టెబిలిటీలోనే బయటపడుతుంది.

మూడోది మెసిలేట్, బెసిలేట్, టోసిలేట్ లాంటి సల్ఫోనేట్‌లది. ఇవి చేసేటప్పుడు మిథనాల్, ఇథనాల్ వాడితే జన్యువులకు హాని చేసే ఆల్కైల్ సల్ఫోనేట్ ఎస్టర్లు పుట్టవచ్చు. 2007లో యూరప్‌లో నెల్ఫినావిర్ మెసిలేట్ మార్కెట్ నుంచి వెనక్కి వచ్చింది ఇలాంటి ఎస్టర్ కలవడం వల్లనే.

అయనీకరణ గుంపే లేని కార్బమజెపిన్ లాంటి మందులకు కో-క్రిస్టల్ తప్ప ఈ దారిలో వేరే గత్యంతరం లేదు. లవణానికే మళ్లీ జోడీ కుదర్చడం కూడా ఉంది. ఫ్లూయొక్సెటిన్ హైడ్రోక్లోరైడ్‌కు సక్సినిక్ ఆమ్లాన్ని జోడిస్తే కరిగే వేగం పెరిగింది, బెంజోయిక్ ఆమ్లాన్ని జోడిస్తే తగ్గింది. మందూ అదే, క్లోరైడూ అదే, పక్కన కూర్చున్న మూడో అణువే గుణాన్ని ఇటూ అటూ తిప్పింది. మా దృష్టిలో ఈ రంగం మొత్తానికి ఇంతకంటే మంచి పరిచయం లేదు.

ఇవన్నీ ప్రయోగశాలలకే పరిమితం అనుకోవద్దు. మధుమేహానికి వాడే ఎర్టుగ్లిఫ్లోజిన్ 2017లో ఎల్-పైరోగ్లుటామిక్ ఆమ్లంతో కో-క్రిస్టల్‌గా అమెరికా మార్కెట్‌కు వచ్చింది. ఇప్రాగ్లిఫ్లోజిన్ ఎల్-ప్రోలిన్‌తో 2014లో జపాన్‌లో వచ్చింది. గుండె వైఫల్యానికి 2015లో ఆమోదం పొందిన సాకుబిట్రిల్, వాల్సార్టన్ ముడిలో రెండు మందులు, సోడియం, నీరు అన్నీ ఒకే స్ఫటికంలో ఉంటాయి. 2021లో ట్రమడాల్ హైడ్రోక్లోరైడ్, సెలెకాక్సిబ్ కో-క్రిస్టల్‌కు ఆమోదం దొరికింది. అందులో ఒక మందు మరో మందుకే జోడీ.

జోడీని ఎంచుకోవడం

అణువు గీసుకుని, హైడ్రోజన్ ఇచ్చే గుంపుల కింద ఒక గీత, పుచ్చుకునే గుంపుల కింద రెండు గీతలు పెట్టండి. బలమైన దాత బలమైన గ్రహీతనే వెతుక్కుంటుంది. కార్బాక్సిలిక్ ఆమ్లం పిరిడీన్ నైట్రోజన్‌ను వదలదు. ఆమ్లం, ఎమైడ్ బాగా కలుస్తాయి. ఎమైడ్‌కు ఎమైడ్ కూడా కలుస్తుంది. మళ్లీ మళ్లీ కనిపించే ఈ పట్టులనే సుప్రామాలిక్యులర్ సింథన్‌లు అంటారు. ఈ ఆలోచనకు 1995లో స్పష్టమైన రూపమిచ్చిన గౌతమ్ దేశిరాజు అప్పుడు గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే పనిచేసేవారు. అదే కెమిస్ట్రీ విభాగంలో అశ్వినీ నంగియా బృందం దీన్ని మందుల మీదికి తెచ్చి, కర్క్యుమిన్, టెమొజొలొమైడ్, ఫ్యూరొసెమైడ్ లాంటివాటికి జోడీలు కట్టింది. మన పసుపులోని కర్క్యుమిన్‌ను రిసార్సినాల్, పైరోగలాల్‌తో కో-క్రిస్టల్ చేస్తే, విడి కర్క్యుమిన్ కంటే ఎన్నో రెట్లు వేగంగా కరగడం వాళ్లు చూపించారు. కేంబ్రిడ్జ్ డేటాబేస్ (స్ఫటిక నిర్మాణాల భాండాగారం) అందుబాటులో ఉంటే మీ మందులోని గుంపులు ఎవరితో ఎన్నిసార్లు చేతులు కలిపాయో వెతకండి. అంతకంటే నమ్మదగిన జాతకం లేదు.

తర్వాత విషతుల్యత, బరువు చూడాలి. జోడీ అణువు ఆహారంలోనో మందుల్లోనో ఇప్పటికే అనుమతి ఉన్నదై ఉండాలి. సక్సినిక్, ఫ్యూమరిక్, సిట్రిక్, టార్టారిక్, మాలిక్, బెంజోయిక్ ఆమ్లాలు, నికోటినమైడ్, శాకరిన్, యూరియా, ఎల్-ప్రోలిన్, వెనిలిక్, ఫెరులిక్ ఆమ్లాలతో మొదలుపెట్టండి. ఆక్సాలిక్ ఆమ్లం అందమైన స్ఫటికాలు ఇస్తుంది గాని కిడ్నీలో రాళ్లకు దారి తీస్తుంది కాబట్టి పెద్ద డోసు మందుకు వద్దు. బరువు లెక్క ఇలా ఉంటుంది: కార్బమజెపిన్ అణుభారం 236.27, నికోటినమైడ్ 122.12. 200 మి.గ్రా. మందుకు ఒకటికి ఒకటి నిష్పత్తిలో 103 మి.గ్రా. నికోటినమైడ్ వెంట వస్తుంది. మొత్తం 303 మి.గ్రా. బిళ్లలో పడుతుంది. అదే మందు డోసు 800 మి.గ్రా. అయితే రోగి మింగలేనంత బిళ్ల తయారవుతుంది. నికోటినమైడ్ విటమిన్ బి3 కాబట్టి రోజుకు ఎంత చేరుతుందో కూడా కూడుకోవాలి.

ఇక దోషానికి తగిన జోడీ ఏది? కరగని మందుకు బాగా కరిగే జోడీ. తేమ పీల్చే మందుకు, నీటికి చోటివ్వకుండా హైడ్రోజన్ బంధాలన్నీ లోపలే తీర్చుకునే జోడీ. కెఫీన్ తేమలో హైడ్రేట్ అవుతుంది. రెండు కెఫీన్లకు ఒక ఆక్సాలిక్ ఆమ్లం జోడిస్తే 98 శాతం ఆర్ద్రతలో వారాల తరబడి ఉంచినా మారలేదు. మలోనిక్, గ్లుటారిక్ లాంటి దగ్గరి చుట్టాలు మాత్రం అంత గట్టిగా నిలవలేదు. కాబట్టి ఒకే కుటుంబంలో నాలుగైదు ఆమ్లాలు పరీక్షించండి. ఒక్కటి విఫలమైతే కుటుంబాన్నంతా కొట్టేయకండి.

వెతుకులాట: నూరడం, ఊరబెట్టడం

ఒక మందుకు 20 జోడీలు ఎంచుకున్నారనుకుందాం. మొదటి వడపోతకు ద్రవం చుక్కలతో నూరడం చాలు. ఒక మిల్లీగ్రాము మిశ్రమానికి 0.2 మైక్రోలీటర్ల సాల్వెంట్ నుంచి మొదలుపెట్టండి. ఎక్కువ పోస్తే నూరడం కాస్తా ముద్ద అవుతుంది, అప్పుడు ఎక్కువ కరిగే ఘటకం విడిగా స్ఫటికమయ్యే ప్రమాదం ఉంది. అసలు పోయకపోతే సగంలో ఆగిపోయి, కొంత అమార్ఫస్ అయి, పీఎక్స్‌ఆర్‌డీలో మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. ఇథనాల్, ఇథైల్ ఎసిటేట్, ఎసిటోనైట్రైల్ మూడింటితోనూ చేయండి. ఒకే జోడీ వేర్వేరు సాల్వెంట్‌లో వేర్వేరు పాలిమార్ఫ్ (అదే పదార్థపు వేరే స్ఫటిక రూపం) ఇవ్వడం సాధారణం. నిష్పత్తులు కూడా 1:1తో ఆపకుండా 2:1, 1:2 చూడండి.

నూరి సంపాదించినది స్థిరమైన రూపమే అన్న హామీ లేదు. అందుకే రెండో వడపోతగా ఊరబెట్టాలి. రెండు ఘటకాలూ కరగకుండా మిగిలేటట్టు కొద్దిపాటి సాల్వెంట్‌లో వేసి, 25 °సె దగ్గర 3 నుంచి 7 రోజులు మాగ్నెటిక్ స్టిరర్ మీద తిరగనివ్వండి. ఆ పరిస్థితిలో ఏ రూపం స్థిరమో అదే గెలుస్తుంది. మెల్లగా ఆవిరి చేసే పద్ధతి మీద మాకు పెద్ద నమ్మకం లేదు. ఒకే స్ఫటికం పెంచుకోవడానికి అది మంచిదే, వెతుకులాటకు కాదు. రెండు ఘటకాల ద్రావణీయతలు బాగా తేడా ఉంటే తక్కువ కరిగేది ముందే విడిగా రాలిపోతుంది, మీరు “కో-క్రిస్టల్ రాలేదు” అని తప్పుగా రాసుకుంటారు.

ప్రతి జోడీకీ ఖాళీ పరీక్షలు తప్పనిసరి. మందును ఒంటరిగా, జోడీని ఒంటరిగా, అదే సాల్వెంట్‌తో, అంతే సమయం నూరండి. కొత్త పీక్‌లు అక్కడా వస్తే మీకు దొరికింది కో-క్రిస్టల్ కాదు, పాలిమార్ఫో, హైడ్రేటో, సాల్వేటో. నోట్‌బుక్‌లో గది ఉష్ణోగ్రత, ఆర్ద్రత కూడా రాయండి. మే నెల మధ్యాహ్నం పొడి గాలిలో వచ్చిన ఫలితం ఆగస్టు ముసురులో రాకపోవడానికి కారణం చాలాసార్లు గాలిలోని నీరే.

చేతితో చేసి చూడటానికి: కార్బమజెపిన్, నికోటినమైడ్

పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే బాగా అధ్యయనం చేసిన జోడీ దొరకడం కష్టం. గ్లౌజులు, మాస్కు వేసుకోండి, ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. కార్బమజెపిన్ మూర్ఛకు వాడే శక్తిమంతమైన మందు. గర్భిణులు ఈ పొడికి దూరంగా ఉండాలి.

నూరే పద్ధతి. కార్బమజెపిన్ 236 మి.గ్రా., నికోటినమైడ్ 122 మి.గ్రా. తూచండి. అంటే ఒక్కో మిల్లీమోల్. అగేట్ కల్వంలో వేసి, సుమారు 70 మైక్రోలీటర్ల ఇథనాల్ మూడు విడతలుగా చుక్కలు వేస్తూ 20 నుంచి 30 నిమిషాలు నూరండి. అంచులకు అంటుకున్న పొడిని ప్రతి ఐదు నిమిషాలకూ గరిటెతో గీకి మధ్యలోకి లాగండి. లాగకపోతే ఆ అంచుల పొడే తర్వాత మార్పు చెందని మందుగా పీఎక్స్‌ఆర్‌డీలో ఎదురవుతుంది. బాల్ మిల్ ఉంటే 25 హెర్ట్జ్ దగ్గర 30 నిమిషాలు చాలు.

ఊరబెట్టే పద్ధతి. 5 మి.లీ. ఇథనాల్‌లో నికోటినమైడ్‌ను 25 °సె దగ్గర దాదాపు సంతృప్తమయ్యేదాకా కరిగించి వడకట్టండి. అందులో 500 మి.గ్రా. కార్బమజెపిన్‌ను ఐదు భాగాలుగా, పది నిమిషాలకొకటి వేస్తూ కలపండి. మూత బిగించి 24 గంటలు తిరగనివ్వండి. నికోటినమైడ్ మిగులుగా ఉన్న ద్రావణంలో కార్బమజెపిన్ కంటే కో-క్రిస్టల్ తక్కువ కరుగుతుంది, అందుకే అది రాలుతుంది. వడకట్టాక నీటితో గాని ఇథనాల్‌తో గాని కడగకండి. నికోటినమైడ్ నీటిలో బ్రహ్మాండంగా కరుగుతుంది, కార్బమజెపిన్ అసలే కరగదు. నీరు పోసిన మరుక్షణం నుంచీ నికోటినమైడ్ వెళ్లిపోవడం, మిగిలింది కార్బమజెపిన్ డైహైడ్రేట్ కావడం మొదలవుతుంది. చల్లటి హెప్టేన్ 2 మి.లీ.తో రెండుసార్లు కడిగి, 40 °సె దగ్గర వాక్యూమ్‌లో 4 గంటలు ఆరబెట్టండి.

ఫలితం చూసే తీరు. పీఎక్స్‌ఆర్‌డీని రాగి రేడియేషన్‌తో టూ తీటా 5 నుంచి 40 డిగ్రీల దాకా తీయండి. కో-క్రిస్టల్‌కు 6.6 డిగ్రీల దగ్గర పీక్ రావాలి. 9 డిగ్రీల దగ్గరి పీక్‌ను చూసి సంబరపడకండి. డైహైడ్రేట్‌కు కూడా దాదాపు అక్కడే పీక్ ఉంటుంది, దానితోపాటు 12.3 దగ్గర ఇంకొకటి వస్తుంది. డీఎస్‌సీకి (వేడి చేస్తూ ఎక్కడ కరుగుతుందో చూసే పరీక్ష) 2 నుంచి 5 మి.గ్రా. సన్న రంధ్రమున్న అల్యూమినియం పాన్‌లో, నిమిషానికి 10 °సె చొప్పున వేడి చేయండి. నికోటినమైడ్ 128 °సె దగ్గర, కార్బమజెపిన్ 190 °సె దగ్గర కరుగుతాయి. కో-క్రిస్టల్ ఈ రెంటికీ మధ్య 160 దగ్గర ఒకే ఒక పదునైన పీక్ ఇవ్వాలి. ఇక్కడొక వల ఉంది. ఉత్తినే కలిపిన పొడిని డీఎస్‌సీలో పెట్టినా, ముందు యూటెక్టిక్ కరిగి, ఆ కరుగులోంచి కో-క్రిస్టల్ పుట్టి, అది 160 దగ్గర కరుగుతుంది. పాన్‌లో తయారైనదాన్ని మీ కల్వంలో తయారైందనుకోవద్దు. 128 కంటే కొంచెం ముందు చిన్న గుంట కనిపిస్తే మీ నమూనాలో కలవని పొడి మిగిలినట్టే.

దొరికింది ఏమిటో రుజువు చేయడం

టీజీఏలో (వేడి చేస్తూ బరువు చూసే పరీక్ష) 150 °సె లోపు బరువు తగ్గితే నీరో సాల్వెంటో లోపల ఉన్నట్టు. తగ్గిన శాతాన్ని మోల్‌ల్లోకి మార్చి పూర్ణసంఖ్య వస్తుందో చూడండి. వస్తే అది స్ఫటికంలో భాగం, రాకపోతే ఆరని తడి. నిష్పత్తిని ద్రావణ ఎన్‌ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో అణువులను చదివే పద్ధతి) గాని హెచ్‌పీఎల్‌సీతో గాని తేల్చండి.

లవణమా కాదా అన్నదానికి ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో కార్బానిల్ చోటు మొదటి ఆధారం. ప్రోటాన్ ఉన్న ఆమ్లం సాధారణంగా 1680 నుంచి 1720 సెం.మీ.⁻¹ మధ్య, కార్బాక్సిలేట్ అయితే 1550 నుంచి 1610 మధ్య, ఇంకొకటి 1400 దగ్గర చూపుతాయి. ఎమైడ్‌లున్న అణువుల్లో ఈ ప్రాంతమంతా కిక్కిరిసి ఉంటుంది కాబట్టి ఐఆర్ ఒక్కదాని మీదే తీర్పు రాయకండి. ఒకే స్ఫటికం దొరికితే రెండు కార్బన్ ఆక్సిజన్ బంధాల పొడవులు చూడండి. 1.21, 1.31 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉంటే ఆమ్లం. రెండూ 1.25 దగ్గర సమానంగా ఉంటే లవణం. స్ఫటికం దొరకనప్పుడు ఘనస్థితి నైట్రోజన్ ఎన్‌ఎంఆర్ ఆదుకుంటుంది. ఈ పరికరాలు మీ దగ్గర లేకపోతే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో, బాలానగర్‌లోని ఫార్మా విద్యాసంస్థ నైపర్‌లో ఈ పని తెలిసినవాళ్లున్నారు. నమూనా పంపేటప్పుడు ఏ సాల్వెంట్‌లో చేశారో, ఎలా ఆరబెట్టారో కూడా చీటీ మీద రాసి పంపండి.

దోషం తీరిందా?

ముందు జల్లించండి. మందును, కో-క్రిస్టల్‌ను, ఉత్తి మిశ్రమాన్ని మూడింటినీ 100, 200 మెష్‌ల మధ్య, అంటే 75 నుంచి 150 మైక్రాన్ల రేణువులుగా తీసుకోండి. బాల్ మిల్‌లోంచి వచ్చిన మెత్తటి పొడిని బజారు నుంచి వచ్చిన గరుకు మందుతో పోల్చి “ఐదు రెట్లు పెరిగింది” అని రాయడం ఈ రంగంలో ఎక్కువగా కనిపించే తప్పు. యూవీతో కొలుస్తుంటే జోడీ అణువు ఆ తరంగదైర్ఘ్యంలో ఎంత పీల్చుకుంటుందో ముందే చూసుకోండి. అనుమానం ఉంటే హెచ్‌పీఎల్‌సీయే శరణ్యం.

బాగా కరిగే కో-క్రిస్టల్ కరిగే గీత తరచూ ఇలా ఉంటుంది: మొదటి పది ఇరవై నిమిషాల్లో జివ్వున లేచి, తర్వాత మెల్లగా పడిపోతుంది. జోడీ అణువు ముందే నీటిలోకి వెళ్లిపోయి, మందు అతిసంతృప్తమై, చివరికి తన పాత స్థిర రూపంలో రాలిపోవడమే దీనికి కారణం. లేవడాన్ని స్ప్రింగ్ అని, మెల్లగా దిగనివ్వడాన్ని పారాచూట్ అని పిలుస్తారు. స్ప్రింగ్ ఉండి పారాచూట్ లేకపోతే రోగికి లాభం తక్కువ. మాధ్యమంలో 0.1 శాతం హెచ్‌పీఎంసీ గాని పీవీపీ గాని కలిపి మళ్లీ చేయండి. గీత దిగడం ఆలస్యమైతే ఆ పాలిమర్‌ను ఫార్ములేషన్‌లో పెట్టాలి. ఈ పరీక్షను మందు పూర్తిగా కరిగిపోయేంత పెద్ద మాధ్యమంలో చేస్తే ఈ పడిపోవడం కనిపించనే కనిపించదు. కాబట్టి చిన్న మాధ్యమంలో కూడా ఒకసారి చేయండి. ప్రతిసారీ చివర్లో మిగిలిన పొడిని తీసి పీఎక్స్‌ఆర్‌డీ చూడండి.

నీటిలో పడగానే మారిపోయే కో-క్రిస్టల్ ద్రావణీయతను నేరుగా కొలవలేం. దానికో దారి ఉంది. మందూ, కో-క్రిస్టలూ రెండూ ఘనంగా మిగిలేటట్టు నీటిలో ఊరబెట్టి, సమతౌల్యం వచ్చాక ద్రావణంలో రెండు అణువుల గాఢతలనూ కొలవండి. మందు 1 మిల్లీమోలార్, జోడీ 16 మిల్లీమోలార్ వచ్చిందనుకోండి. 1:1 కో-క్రిస్టల్‌కు ద్రావణీయతా లబ్ధం 16. దాని వర్గమూలం 4. అంటే కో-క్రిస్టల్ ద్రావణీయత 4 మిల్లీమోలార్, మందు కంటే నాలుగు రెట్లు. ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది: ద్రావణంలో జోడీ 16 మిల్లీమోలార్ కంటే ఎక్కువున్నంత వరకూ కో-క్రిస్టల్ నిలుస్తుంది, తగ్గితే విడిపోతుంది. ప్లాంటులో ఈ అంకె మళ్లీ అవసరపడుతుంది. అయనీకరణం చెందే ఘటకాలుంటే పీహెచ్‌తో ఇది మారుతుంది కాబట్టి చివరి పీహెచ్ కొలవడం మరవకండి.

స్థిరత్వానికి 40 °సె, 75 శాతం ఆర్ద్రతలో మూతలేని పెట్రీ డిష్‌లో పలుచగా పరచి 1, 2, 4 వారాలకు చూడండి. తర్వాతే ఆరు నెలల అధికారిక పరీక్ష. కో-క్రిస్టల్‌ను ఒంటరిగా పెట్టి ఊరుకోవద్దు. లాక్టోజ్, ఎంసీసీ (సెల్యులోజ్ పొడి), మెగ్నీషియం స్టియరేట్, డిసింటిగ్రెంట్ (బిళ్లను విడగొట్టే దినుసు) ఒక్కొక్కదానితో 1:1 కలిపి కూడా పెట్టండి. ఎక్సిపియెంట్ తానే కొత్త జోడీగా మారి పాత జోడీని వెళ్లగొట్టడం కూడా సాధ్యమే.

గ్రాముల నుంచి కిలోలకు

కల్వం ప్లాంటుకు రాదు. ఇక్కడ చల్లార్చి స్ఫటికం చేయాలి. దానికి మూడు ఘటకాల దశాచిత్రం కావాలి: మందు, జోడీ, సాల్వెంట్. ఏ కూర్పులో కో-క్రిస్టల్ ఒక్కటే రాలుతుందో ఆ కిటికీ తెలియకుండా బ్యాచ్ వేయడం చీకట్లో రాయి విసరడమే. మందూ జోడీ దాదాపు సమానంగా కరిగే సాల్వెంట్ దొరికితే కిటికీ మధ్యలో ఉంటుంది, సమాన మోల్‌లు వేస్తే చాలు. జోడీ ఎక్కువ కరిగే సాల్వెంట్ అయితే అది మిగులుగా వేయాలి. ఆ మిగులు మదర్ లిక్కర్‌లో (స్ఫటికాలు వడకట్టాక మిగిలే ద్రావణం) ఉండిపోతుంది కాబట్టి తర్వాతి బ్యాచ్‌లో వాడుకునే దారి ముందే ఆలోచించండి.

కిటికీ లోపలికి వచ్చాక, అతిసంతృప్తి తక్కువగా ఉన్నప్పుడే 1 నుంచి 2 శాతం విత్తన స్ఫటికాలు వేయండి. అరగంట నిలిపి, నిమిషానికి 0.1 నుంచి 0.3 °సె చొప్పున చల్లార్చండి. తొందరపడి చిల్డ్ వాటర్ ఒక్కసారిగా వదిలితే మందు ఒక్కటే రాలవచ్చు, లేదా సన్నటి సూదులు వచ్చి సెంట్రిఫ్యూజ్ గంటల తరబడి వడకట్టదు.

లాబ్‌లో ఎప్పుడూ చెడని బ్యాచ్ ప్లాంటులో చెడే చోట్లు రెండు. ఒకటి కడగడం. వెట్ కేక్‌ను తాజా సాల్వెంట్‌తో కడిగితే జోడీ కరిగిపోయి పైపొర ఉత్తి మందు అవుతుంది. పైన చెప్పిన హద్దు గాఢతకు మించి జోడీ కరిగి ఉన్న సాల్వెంట్‌తో కడగండి, లేదా రెండూ కరగని హెప్టేన్ లాంటిదానితో కడగండి. రెండోది రికవరీ సాల్వెంట్, అంటే ఒకసారి వాడి శుద్ధి చేసి మళ్లీ వాడేది. అందులో రెండు మూడు శాతం నీరున్నా హైడ్రేట్‌కు దారి తెరుచుకుంటుంది. ప్రతి ఛార్జ్‌కు ముందు కార్ల్ ఫిషర్ (నీటి శాతం కొలిచే పరీక్ష) చేసి, మీ దశాచిత్రం ఏ నీటి శాతం దాకా చెల్లుతుందో ఆ అంకెను బ్యాచ్ రికార్డులో పరిమితిగా పెట్టండి.

ఆరబెట్టేటప్పుడు ఉష్ణోగ్రత యూటెక్టిక్ బిందువుకు దూరంగా ఉండాలి. సక్సినిక్ లాంటి ఆమ్లాలు కాదుగాని, తేలిగ్గా ఆవిరయ్యే జోడీలు గట్టి వాక్యూమ్‌లో మెల్లగా ఎగిరిపోతాయి, అసే (మందు శాతం) పైకి, జోడీ నిష్పత్తి కిందకి పోతుంది. మిగిలిన సాల్వెంట్ పరిమితులు మామూలువే: ఇథనాల్, ఎసిటోన్, ఇథైల్ ఎసిటేట్ 5000 పీపీఎం, మిథనాల్ 3000, ఎసిటోనైట్రైల్ 410. స్క్రీనింగ్‌లో ఎసిటోనైట్రైల్ బాగా పనిచేసిందని ప్లాంటు దాకా మోసుకెళ్లకండి.

కాగితాల పని

అమెరికా ఎఫ్‌డీఏ 2018 మార్గదర్శకం ప్రకారం కో-క్రిస్టల్‌ను కొత్త ఏపీఐగా కాక, అదే ఏపీఐకి పాలిమార్ఫ్‌తో సమానంగా చూస్తారు. పీకేఏ తేడా 1 లేదా ఎక్కువైతే లవణమని, తక్కువైతే కో-క్రిస్టల్ అని మొదటి అంచనా. దాన్ని దాటి చెప్పాలంటే స్పెక్ట్రోస్కోపీ రుజువులు చూపాలి. ఒకటికి మూడు మధ్య చిక్కుకున్న జోడీకి ఘనస్థితి ఎన్‌ఎంఆర్ ముందే చేయించుకోవాల్సింది ఇందుకే.

మన దేశంలో పేటెంట్ ఆలోచన ఉంటే పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(డి) చదవకుండా ఒక్క అడుగు వేయకండి. తెలిసిన మందుకు లవణం, పాలిమార్ఫ్, కాంప్లెక్స్, కాంబినేషన్ లాంటి రూపాలు ప్రభావంలో చెప్పుకోదగ్గ తేడా చూపకపోతే అదే పదార్థం కింద లెక్క. ఇమాటినిబ్ మెసిలేట్ బీటా రూపం కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ ప్రభావం అంటే చికిత్సా ప్రభావమేనని తేల్చింది. బాగా ప్రవహిస్తుంది, తేమ తక్కువ పీలుస్తుంది అన్న డేటా ఒక్కటే ఇక్కడ నిలవదు. రక్తంలో మందు స్థాయిల పోలిక కూడా ఆరంభం నుంచే ప్లాన్‌లో పెట్టుకోండి.

చివరగా విత్తనాల సంగతి. 1996లో మార్కెట్‌కు వచ్చిన రిటొనావిర్ క్యాప్సూల్స్‌లో 1998లో అంతకుముందెన్నడూ చూడని, తక్కువ కరిగే రెండో రూపం ప్రత్యక్షమైంది. ఆ రూపం విత్తనాలు చేరిన చోట పాత రూపం రావడం మానేసింది. అందుకే ప్రతి రూపం నుంచి 5 గ్రాములు విడి సీసాల్లో, నత్రజని కింద, పీఎక్స్‌ఆర్‌డీ గీతతో సహా దాచండి. కో-క్రిస్టల్ చేసే బ్లాక్‌లోకి ఉత్తి మందు స్థిర రూపాన్ని తూచే గరిటె కూడా రాకుండా చూడండి. కొత్త రూపం కనిపించిన రోజున ఆ బ్యాచ్ నమూనాను, కడిగిన నీళ్లను, ఫిల్టర్ గుడ్డను కూడా పారేయకుండా లేబుల్ వేసి పక్కన పెట్టండి.